వంటింటి వైపు పారిన నీళ్లు

కుల్యాష్ పొద్దున్నే మూకుడు పెట్టి పిండి ఉండలు వేయిస్తోందంటే ఆ ఇంట్లో ఏదో శుభకార్యం ఉందన్నమాట. ఆ రోజు శుభకార్యం వంటింటి మూలన, ఇటుకలు పరిచిన గోతిలో కూర్చుని ఉంది. నల్లటి ఇనప బాయిలర్. వెల్డింగ్ అతుకులు ఇంకా మెరుస్తున్నాయి. పొట్ట మీద సుద్దతో రాసుకున్న కొలతలు చెరిగిపోలేదు.

ఆమె భర్త సగిందిక్ దాని ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, దాన్ని వెలిగిస్తావా, పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తూ కూర్చుంటావా?" అంది కుల్యాష్ మూకుడు దగ్గర్నుంచే.

"నిన్ను ఇంతసేపు చూడలేదులే. చూసుంటే అప్పుడే ఏదో ఒకటి కనిపెట్టేవాణ్ణి."

"కోడలి ముందు ఏం మాటలవి!"

కోడలు మక్పాల్ నవ్వు దాచుకుంటూ ఇద్దరికీ టీ పోసింది. గిన్నెలో సగానికే పోసింది. నిండా పోస్తే తాగి లేచి వెళ్లమన్నట్టు. ఆమెకి నెలలు నిండుతున్నాయి. వంగి టీ అందించడానికి కూడా ఓ చేత్తో బల్ల పట్టుకోవాల్సి వస్తోంది.

కరగండా శివార్లలోని ఆ వీధిలో అందరూ గని వాళ్లే. ప్రతి పెరట్లోనూ బొగ్గు కుప్ప ఉంటుంది. మొదటి మంచు కురిసిన మర్నాటికే మంచు మీద మసి పడుతుంది. సగిందిక్ భూమి కింద బొగ్గు తవ్వి, ఆ జీతంతో భూమి పైన ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఇంటిని వెచ్చబెట్టింది ఓ ఇటుకల పొయ్యి. దాని వేడి ఎదురుగా కూర్చున్నవాళ్లకే. వెనక గదిలో చలికాలమంతా కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకునేది. కోడలు నీళ్లోసుకుందని తెలిసిన రోజే అతను పొయ్యి పడగొట్టేస్తానన్నాడు.

"బొగ్గు తవ్వినవాడి మనవడు చలికి వణకడమేమిటి? బాయిలర్ నేనే చేస్తాను. పైపులు నా చేత్తోనే వేస్తాను. నా మనవడు ఆస్పత్రి నుంచి తిన్నగా ఈ వెనక గదికే రావాలి."

వీధి మొత్తానికీ ఇదే మాట చెప్పాడు. వేసవంతా మందపు రేకు కోసి, వంచి, అతికాడు. పడగొట్టిన పాత కార్మికుల క్లబ్బు నుంచి పోత ఇనప రేడియేటర్లు తెచ్చి పొరలు పొరలుగా ఉన్న రంగు గీకాడు. అటక మీద నీళ్ల ట్యాంకు పెట్టి, అది గడ్డకట్టకుండా ఉన్ని కంబళి చుట్టాడు. పంపు మాత్రం వద్దన్నాడు.

"మంచు తుఫాన్లో కరెంటు పోతే పంపేం చేస్తుంది, పాట పాడుతుందా? కాగిన నీళ్లు వాటంతటవే పైకెక్కుతాయి. కప్పు కింద పైపులో గదులన్నీ తిరిగి, చల్లారి, కింద పైపులోంచి మళ్లీ బాయిలర్లోకే వస్తాయి. వాలు సరిగ్గా ఉంటే చాలు. నీళ్లకి ఇంకెవరూ దారి చెప్పక్కర్లేదు."

ఆ వాలు కొలిచేటప్పుడు పక్కింటి ఫ్యోదర్ గోడ మీంచి తొంగిచూశాడు. ఇద్దరూ గనిలో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు.

"ఒరేయ్, రసమట్టం ఇవ్వనా?"

"ఎందుకూ? ఈ ఇంటి ప్రతి దూలమూ రసమట్టం పెట్టే ఎక్కించాను. మళ్లీ పెడితే దూలాలు నొచ్చుకుంటాయి."

అలా కప్పునే ఆధారంగా పెట్టుకుని కొలిచాడు. వంటింట్లో పైపు కప్పుకి నాలుగు వేళ్ల కింద, వెనక గదిలో జానెడు కింద. వంటింటి నుంచి వెనక గదికి చక్కగా వాలు వచ్చిందని మురిసిపోయాడు.

ఇప్పుడు ఫ్యోదర్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సగిందిక్ ఓ కాగితం వెలిగించి బాయిలర్ నోటి దగ్గర పెట్టాడు. బాయిలర్ మంటని సర్రున లోపలికి లాక్కుంది. "పొగగొట్టం బాగా లాగుతోంది!" అని కేక వేశాడు. పుల్లలు అంటుకున్నాయి, తర్వాత బొగ్గు అంటుకుంది. వంటింటి రేడియేటరు వేడెక్కింది. కాసేపటికి ముందు గదిలోదీ వేడెక్కింది. కుల్యాష్ దాని మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"అబ్బో," అంది. ఆ ఒక్క మాటకే సగిందిక్ ఛాతీ విశాలమైంది.

అందరూ కలిసి వెనక గదిలోకి వెళ్లారు. కొడుకు దౌరెన్ చిన్నప్పుడు పడుకున్న చెక్క ఉయ్యాల అక్కడ కిటికీ కింద తుడిచి పెట్టి ఉంది. సగిందిక్ రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. చల్లగా, రాయిలా ఉంది.

"వస్తుంది. దూరం కదా," అన్నాడు.

మధ్యాహ్నానికీ రాలేదు. పైపులో గాలి గుడగుడలాడుతోంది. రేడియేటర్ చివరి మర వదులు చేస్తే బుస్సుమని కాస్త గాలి పోయి, రేడియేటర్ కాస్త గోరువెచ్చనైంది. మర్నాటికి మళ్లీ రాయి.

ఆ వారమంతా అతనికి అదే పని. మర వదులు చెయ్యడం, అటకెక్కి ట్యాంకులో నీళ్లు పొయ్యడం, కిందికి దిగి పైపుకి చెవి ఆనించడం. మంట పెంచితే ముందు గదిలో చెమటలు పట్టేవి, వెనక గదిలో నోట్లోంచి ఆవిరి వచ్చేది. వీధిలోవాళ్లు "బాయిలర్ ఎలా ఉంది?" అనడిగితే "మండుతోంది" అని మాత్రం చెప్పేవాడు. రాత్రి అన్నం దగ్గర మాట్లాడటం మానేశాడు.

ఒక పొద్దున తెమిర్తావ్ నుంచి మక్పాల్ తల్లి ఫోన్ చేసింది. వాళ్లది అపార్టుమెంటు, పట్టణం వేడి నీళ్లు గోడల్లోంచి వస్తాయి. కుల్యాష్ చాలాసేపు "ఊఁ, ఊఁ" అంటూ విని ఫోన్ పెట్టేసింది.

"శనివారం కోడల్ని పుట్టింటికి పంపిస్తున్నాను," అంది భర్త వైపు చూడకుండా. "పురుడు అక్కడే. ఎండలు ముదిరాక తీసుకొద్దాం."

"తొలిచూలు బిడ్డ తాత ఇంటికి రాకపోవడమేమిటి?"

"బిడ్డకి నలభై రోజులూ చలి తగలకూడదని మీ అమ్మే నాకు నేర్పింది. ఆ గదిలో నీళ్ల గ్లాసు పెట్టి చూడు, తెల్లారేసరికి ఏమవుతుందో."

"ముందు గదిలో పడుకోబెడదాం."

"వీధి తలుపు తీసినప్పుడల్లా గాలి తిన్నగా మంచం మీదికే వస్తుంది. వద్దయ్యా. నీ పౌరుషం కోసం పసిగుడ్డుని పణం పెట్టలేను."

సగిందిక్ లేచి పెరట్లోకి పోయి, అవసరం లేకపోయినా బొగ్గు పెళ్లలు పగలగొట్టసాగాడు. సుత్తి దెబ్బలు వింటూ మక్పాల్ వంటింట్లోనే నిలబడిపోయింది. తను వెళ్లిపోతే ఆ మనిషి ఈ చలికాలమంతా ఖాళీ ఉయ్యాల పక్కన కూర్చుని పైపుకి చెవి ఆనిస్తూనే ఉంటాడని ఆమెకి తెలుసు. ఆమెకి వెళ్లాలని లేదు.

శుక్రవారం దౌరెన్ వచ్చాడు. పడమటి చమురు బావుల దగ్గర నెల డ్యూటీ చేసి, రైల్లోంచి దిగి వచ్చాడు. మాంసం, పిండి రేకులు ఉడికించిన పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కూర్చున్నారు. దౌరెన్ తినకుండా కప్పు కింద పైపు వైపే చూస్తున్నాడు.

"నాన్నా, రేపు మనుషుల్ని పిలుస్తాను. పంపు బిగిస్తారు. గంట పని."

"పంపు వద్దని చెప్పాను."

"వద్దంటే ఎలా? నీళ్లు తిరగడం లేదు కదా!"

"తిరుగుతాయి. గాలి అడ్డం పడింది, అంతే."

"వారం నుంచీ గాలేనా?" దౌరెన్ గొంతు పెరిగింది. "నువ్వు గని మనిషివి నాన్నా. బొగ్గు తవ్వడం వేరు, ఇంటికి వేడి పెట్టడం వేరు. తెలియదని ఒప్పుకుంటే తప్పేముంది? నువ్వు గెలవాలని నా భార్య వణకాలా?"

కుల్యాష్ మొగుడి టీ గిన్నె అందుకుంది. టీ నీళ్లు కాగే సమోవర్ కుళాయి తిప్పి, అంచు దాకా నింపి అతని ముందు పెట్టింది.

సగిందిక్ ఆ నిండు గిన్నె వైపు చూశాడు. పెళ్లైనప్పటి నుంచీ ఆమె అతనికి అలా పోయలేదు.

"మంచిది," అన్నాడు మెల్లగా. "పొమ్మంటున్నావు." తాగకుండానే లేచి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

కుల్యాష్ ముఖం పాలిపోయింది. "అంత పొయ్యాలనుకోలేదురా," అంది కొడుకుతో. "చెయ్యి ఆగలేదు."

మక్పాల్ పళ్లాలు తీస్తూ భర్తతో నెమ్మదిగా అంది. "ఏమండీ, ఈ ఇల్లు ఒరిగిందని నాకు అనుమానం."

"ఏమిటి ఒరిగేది?"

"నేను నేల కడిగినప్పుడు నీళ్లు ఎప్పుడూ వంటింటి వైపే వస్తాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా సరే. మామయ్యేమో పైపుని కప్పు నుంచి కొలిచారు. నేల ఒరిగితే కప్పు ఒరగదా?"

దౌరెన్ చేతిలో పళ్లెం ఆగిపోయింది. "ఆ మాట ఆయనతో చెప్తావా? 'మామయ్యా, మీరు కట్టిన ఇల్లు వంకర' అంటావా? నేనే అనలేను."

నిజమే. అక్కడ కోడలు మామగారి పేరైనా నోటితో పలకదు. ఇక ఆయన కట్టిన ఇంటికి వంక పెట్టడమా?

తెల్లారింది. కుల్యాష్ కోడలి బట్టలు సంచిలో సర్దుతోంది. సగిందిక్ ముందు గదిలో గోడవార పీట మీద, ఉన్ని బూట్లు వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కారు మధ్యాహ్నం వస్తుంది.

మక్పాల్ బకెట్ నిండా నీళ్లు తెచ్చి వెనక గది గుమ్మంలో పెట్టింది.

"ఏమే, మతి పోయిందా?" అని కుల్యాష్ అరిచింది. "ఈ స్థితిలో నేల కడుగుతావా? వదిలెయ్ ఆ బకెట్!"

"ఇల్లు మురికిగా వదిలేసి పుట్టింటికి ఎలా వెళ్తాను అత్తయ్యా? ఒక్క నిమిషం." తర్వాత మామగారి వైపు తిరిగి తల వంచింది. "మామయ్యా, కాస్త కాళ్లు పైకి పెట్టుకుంటారా?"

అతను పరధ్యానంగానే కాళ్లెత్తాడు. మక్పాల్ గుడ్డ పిండలేదు. బకెట్ వంచేసింది.

నీళ్లు రంగు వేసిన చెక్కల మీద పరుచుకున్నాయి. ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు ఆగాయి. తర్వాత నాలుకలా సాగి, సగిందిక్ బూట్ల కిందుగా, బల్ల కాళ్ల మధ్యగా, ముందు గది దాటి, గడప సందులోంచి వంటింట్లోకి జారాయి. బాయిలర్ గోతి అంచున బొట్లు బొట్లుగా రాలడం వినిపించింది.

సగిందిక్ కాళ్లు గాల్లోనే ఉన్నాయి. నీళ్లు వచ్చిన దారి చూశాడు. పోయిన దారి చూశాడు. మెల్లగా తలెత్తి కప్పు వైపు చూశాడు.

"ఎప్పుడూ ఇటే వస్తాయా?" అని అడిగాడు.

"ఎప్పుడూ ఇటే మామయ్యా," అంది మక్పాల్ నేల వైపు చూస్తూనే.

అతను తడిలోకే కాళ్లు దించి కొట్టంలోకి వెళ్లాడు. పారదర్శకమైన పొడుగాటి ప్లాస్టిక్ ట్యూబు తెచ్చి నీళ్లు నింపాడు. "దౌరెన్! ఈ కొస పట్టుకుని వెనక గదిలోకి పో. కప్పు దగ్గర పెట్టు. నీళ్లు ఎక్కడ నిలబడితే అక్కడ గీత గియ్యి."

కొడుకు కుర్చీ ఎక్కాడు. తండ్రి వంటింట్లో, కొడుకు వెనక గదిలో, మధ్యలో ట్యూబు. రెండు కొసల్లోనూ నీళ్లు ఊగి ఊగి నిలిచాయి. గీతలు గీశారు. వెనక గదిలో గీత పైపుకి కూడా చాలా దిగువన పడింది. వంటింట్లో కప్పుకి దాదాపు ఆనుకుంది. వాలుగా దిగుతోందనుకున్న పైపు నిజానికి వెనక గది వైపు ఎక్కుతోంది. గాలంతా ఆ కొసన చేరి నీళ్లకి అడ్డంగా కూర్చుంది.

సగిందిక్ సుద్దముక్క పట్టుకుని వంటింటి గోడకి ఆనుకున్నాడు.

"ఈ వీధి కింద బొగ్గు పొర తవ్వింది మేమే," అన్నాడు. "నేనూ ఫ్యోదరూ. అన్నం మూట విప్పినప్పుడు అనుకునేవాళ్లం, ఇప్పుడు మా వంటిల్లు సరిగ్గా నెత్తి మీదుంటుంది, కుల్యాష్ ఏం వండుతోందోనని." సుద్దముక్కతో కాళ్ల కింద నేలని చూపించాడు. "నా చేత్తోనే పైన కట్టాను. నా చేత్తోనే కింద ఖాళీ చేశాను."

కుల్యాష్ సర్దుతున్న సంచి వదిలేసి వచ్చింది. గిన్నెల అల్మారా ముందు చతికిలబడి, దాని ముందు కాళ్ల కింద నుంచి మడతలు పెట్టిన అట్టముక్క లాగి చూపించింది. తొక్కిడికి అది చెక్కలా గట్టిపడి ఉంది.

"నీకు తెలుసా?" అన్నాడు సగిందిక్.

"తలుపులు వాటంతటవే తెరుచుకోవడం మొదలైనప్పుడే తెలిసింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"వచ్చినవాళ్లందరికీ నువ్వు ఈ దూలాల సంగతి చెప్తుంటే నీ మొహం చూసేదాన్ని. చెప్పబుద్ధి కాలేదు. అల్మారాదే తప్పనుకున్నాను." ఆమె తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంది. "నిన్న ఆ టీ... అలా పొయ్యకుండా ఉండాల్సింది."

అతను అట్టముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది, కళ్లల్లో నీళ్లతోనే.

"గనిలో ఒక్కనాడూ నేలని నమ్మలేదు నేను. సొరంగం ఎంత తిన్నగా కనిపించినా నీళ్లు పోసి చూస్తేగాని కాలవ తవ్వనిచ్చేవాణ్ణి కాదు. ఇంటికొచ్చేసరికి మాత్రం కళ్లు మూసుకుని నమ్మేశాను."

"ఇంట్లోనూ నమ్మకపోతే ఇంకెక్కడ నమ్ముతారు మామయ్యా?" అంది మక్పాల్. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె మామగారి కళ్లల్లోకి చూసి మాట్లాడటం అదే మొదలు.

సగిందిక్ ఆమె తల మీద చెయ్యి వేసి, గోతి వైపు తిరిగాడు. "దౌరెన్, మంట ఆర్పు. నీళ్లన్నీ వదిలెయ్యాలి. వెల్డింగ్ మిషన్ తీసుకురా."

"కారు వస్తుంది కదా నాన్నా..."

"కారుకి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అంది కుల్యాష్. "నేనూ పట్టుకుంటాను పైపు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి."

ఆ రోజంతా, మర్నాడూ ఆ ఇంట్లో ఇనుము కోసిన చప్పుడే. దౌరెన్ కోశాడు, తండ్రి అతికాడు. వెల్డింగ్ వెలుగు వచ్చినప్పుడల్లా కుల్యాష్ మొహం పక్కకి తిప్పుకుని మరీ పైపు వదలకుండా పట్టుకుంది. కొక్కెం బిగించినప్పుడల్లా ట్యూబులో నీళ్లు ఏం చెప్తున్నాయో చూసుకున్నారు. ఒకసారి పైపు జారి దౌరెన్ వేలు చితికింది. "చమురు మనిషివి కదా, ఇనుము నీకేం తెలుస్తుంది!" అన్నాడు సగిందిక్. "నేనన్నది ఇప్పుడు వడ్డీతో తిరిగిస్తున్నావా నాన్నా?" అని దౌరెన్ వేలు నోట్లో పెట్టుకుని నవ్వాడు.

మళ్లీ నీళ్లు నింపారు. మళ్లీ కాగితం వెలిగించారు. అటక మీద ట్యాంకులోకి గాలి బుడగలు బుడబుడ వచ్చి, నెమ్మదించి, ఆగిపోయాయి. గుడగుడ వినబడలేదు. మక్పాల్ వెనక గదిలో రేడియేటర్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చాలాసేపటి తర్వాత "ఆహ్!" అని చెయ్యి లాక్కుంది.

"కాలిందా?" అని వంటింట్లోంచి ముగ్గురూ ఒకేసారి అరిచారు.

"కాలింది!"

సగిందిక్ పీట మీద కూలబడి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. కుల్యాష్ అతనికి టీ పోసింది. గిన్నెలో సగం కూడా పొయ్యలేదు, అడుగున రెండు గుక్కలంత. మళ్లీ మళ్లీ పొయ్యాలి కదా.

మనవడని అన్నాడు గాని, పుట్టింది మనవరాలు. బయట తుఫాను మంచు చిమ్ముతున్న రోజున ఆస్పత్రి నుంచి తిన్నగా ఆ ఇంటికే వచ్చింది. ఆ సాయంత్రమే వీధంతా కరెంటు పోయింది. బాయిలర్ తన పని తను చేసుకుంటూనే ఉంది. దీపం వెలుగులో వెనక గది కిటికీ అద్దం మీద మంచు లేదు. పిల్ల తల్లి పక్కన చేతులు బయటపెట్టుకుని నిద్రపోయింది.

పిల్లని ఉయ్యాల్లో వేసే వేడుకకి వీధి వీధంతా వచ్చింది. ఫ్యోదర్ పిల్లని చూసి, ముద్దు చేసి, తలెత్తి పైపు చూశాడు. వంటింట్లో కప్పుని అంటుకుని బయలుదేరిన పైపు, వెనక గదికి వచ్చేసరికి కప్పు నుంచి మూరెడు దూరం జారి, కిటికీ చట్రాన్ని ఏటవాలుగా కోస్తూ పోతోంది.

"ఒరేయ్ సగిందిక్," అన్నాడు ఫ్యోదర్ అందరికీ వినబడేలా. "ఇంత చేసి పైపు వంకరగా వేశావేంట్రా?"

నవ్వులు లేచాయి. కుల్యాష్ చేతిలో గిన్నె ఆగిపోయింది. మక్పాల్ తల దించుకుంది.

సగిందిక్ లేచి నిలబడ్డాడు. "పైపు తిన్నగానే ఉందిరా," అన్నాడు. "ఇల్లే వంకర. కింద నువ్వూ నేనూ తవ్వుకుపోయాం కదా, వంటింటి వైపు దిగిపోయింది. నాకు తెలియలేదు. మా కోడలు కనిపెట్టింది."

కోడల్ని నలుగురి ముందు పొగిడే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఫ్యోదర్ నవ్వు సగంలోనే ఆగింది. అతను కప్పు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, తర్వాత గోడ అవతల ఉన్న తన ఇంటి వైపు చూశాడు.

"మా ఫ్రిజ్ కింద రెండు ఇటుకలు పెట్టాను," అన్నాడు. "ఫ్రిజ్‌దే తప్పనుకున్నాను. ఒరేయ్, ఆ నీళ్ల ట్యూబు ఓసారి ఇస్తావా?"

సగిందిక్ ఉయ్యాల మీద చెయ్యి వేసి ఛాతీ విరుచుకున్నాడు.

"ట్యూబు తర్వాత. ముందు బకెట్ నీళ్లు కావాలి. ఆ విద్య మా కోడలిది. ఆమెని అడుగు."